కలంకారీ కోసం ఉద్యోగం మానేసిన క్లయింటు: లెక్కలతో సహా ఒక కేస్ స్టడీ

తిరుపతిలో చిన్న వ్యాపారాల లెక్కలు, ట్యాక్స్ రిటర్నులు చూడటం నా పని. ఈ మధ్య నా దగ్గరికి వేరే రకం మనుషులు కూడా వస్తున్నారు. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం మానేసి, ఇన్నాళ్లూ సరదాకి చేసుకున్న పనినే బతుకుతెరువు చేసుకుంటామంటారు. కేకులు, ఫొటోలు, మిద్దెతోటలు, ఒకాయనైతే పాత స్కూటర్లు. వీళ్లందరూ అడిగేది ఒక్కటే: "నడుస్తుందా సార్?" నడుస్తుందో లేదో చెప్పడానికి నేను జ్యోతిష్కుణ్ణి కాను. అయితే ఆ సరదా ఖర్చులో జీతం ఎంత మోస్తోందో మాత్రం తవ్వి తీయగలను. ఈ కేసులో చేసిందీ అదే. క్లయింటు అనుమతితోనే రాస్తున్నాను. ఆమె ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలను రౌండ్ చేశాను.

క్లయింటుకు ముప్పై ఎనిమిదేళ్లు. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ విభాగం, చేతికొచ్చే జీతం 31,000. భర్త ప్రైవేటు స్కూల్లో టీచరు, వేసవి నెలల్లో ఆయన జీతం నమ్మకం లేదు. పాప తొమ్మిదో తరగతి. అద్దె ఇల్లే, కాకపోతే పైన మిద్దె మొత్తం వీళ్లదే. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక కుటుంబం దగ్గర ఆదివారాలు బస్సెక్కి వెళ్లి పని నేర్చుకుంది. ఆ ఊరు మనకు నలభై కిలోమీటర్ల లోపే. నెలకొక చీర, పండగల ముందు రెండు, ఇలా కొన్నేళ్లుగా వేస్తూ, అమ్ముతూ ఉంది.

మొదటిసారి వచ్చినప్పుడే, "రాజీనామా లెటరు టైపు చేసి పెట్టుకోనుండా సార్, ఎప్పుడియ్యాలో చెప్పండి" అంది. లెక్క కూడా రాసుకొచ్చింది. చీర 9,000కు పోతుంది, గుడ్డకీ రంగులకీ 2,500, మిగిలేది 6,500. నెలకు ఐదు చీరలు వేస్తే జీతం దాటిపోతుంది. అకౌంట్స్‌లో దాదాపు పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి రాసిన లెక్క అది. ఊరందరి ఖర్చులూ పైసలతో సహా రాసే చేయి, సొంత ఇష్టం దగ్గరికొచ్చేసరికి కాకిలెక్క వేసింది. ఇది ఈమె ఒక్కదాని సంగతి కాదు, అందరూ ఇంతే.

"చీరకు ఎన్ని గంటలు పడుతుందమ్మా?" అన్నాను. చెప్పలేకపోయింది. ఇష్టంగా చేసే పనికి గడియారం ఎవరు చూస్తారు? ఒక పాత డైరీ ఇచ్చి, వచ్చే రెండు చీరలకు ప్రతి పనికీ టైము రాసుకురమ్మన్నాను. కలం పట్టిన గంటలే కాదు, గుడ్డ నానబెట్టడం, ఎండేయడం, ఉతకడం, కొరియరు ఆఫీసు దగ్గర నిలబడటం, వాట్సాప్‌లో "ఇంకో రంగులో ఉందా అక్కా" అనే వాళ్లకు జవాబివ్వడం, అన్నీ.

ఆ డైరీ నిండేలోపు ఒక ఆదివారం ఆమె మిద్దె మీదికి వెళ్లి చూశాను. వ్యాపారం చూడకుండా లెక్క రాయడం నాకు చేతకాదు. తెలియని వాళ్ల కోసం పని క్రమం కొంచెం చెప్పాలి. కోరా నూలు గుడ్డను ఉతికి గంజి పోగొట్టి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పాకకుండా ఆపుతుంది. కరక్కాయలోని వగరు నలుపు పట్టడానికి ఆధారం. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. నల్లరంగు కోసం బెల్లం, తాటిబెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు నీళ్లలో వేసి రెండు మూడు వారాలు ఊరనిస్తారు. దాన్ని కసిమి అంటారు. కలం అంటే సన్నగా చెక్కిన వెదురు పుల్ల, మొనకు కొంచెం పైన గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది, వేలితో నొక్కితే మొనలోకి దిగుతుంది. ఆమె గీస్తుంటే నేను చూసిన గీత మొదట నల్లగా లేదు, పలచటి టీ మరకలా ఉంది. చూస్తుండగానే బూడిద రంగయింది, ఇంకాసేపటికి నల్లబడింది. ఇనుము కరక్కాయ వగరుతో కలిస్తే వచ్చే నలుపు అది. ఆ తర్వాత ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, మంజిష్ఠ, సురుడుచెక్క వేసి ఉడికించడం, మళ్లీ ఉతికి ఎండేయడం, మళ్లీ పాలు, కరక్కపువ్వుతో పసుపు, నీలిమందు... చీర పూర్తయ్యేలోపు ఎన్నిసార్లు తడిసి ఎన్నిసార్లు ఎండుతుందో లెక్కపెట్టడం మానేశాను.

నన్ను అక్కడ ఆపేసింది మాత్రం పాలు. "ఈ పాలెక్కడివమ్మా?" అంటే, "ఇంటికి పోసే ఎనుము పాలే సార్, ఆ రోజుకు రెండు లీటర్లు ఎక్కువ పోయించుకుంటా" అంది. ఆమె రాసుకొచ్చిన 2,500లో పాలు లేవు. అవి ఇంటి పాల బిల్లులో ఉన్నాయి. రంగు ఉడికించేది వంటింటి సిలిండరు మీద. శ్రీకాళహస్తికి మూటలు తీసుకెళ్లేది భర్త బండి మీద, పెట్రోలు ఆయన జేబులోంచి. తిరుపతి కుళాయి నీళ్లతో ఈ ఉతుకుడు తెమలదు కాబట్టి పెద్ద ఉతుకులు నేర్పించిన వాళ్ల దగ్గరే, ఉతికిన ప్రతిసారీ వాళ్ల చేతిలో ఎంతో కొంత పెట్టడం. మరక పడి పాడైన గుడ్డలు బీరువాలో మడతపెట్టి ఉన్నాయి, అవీ లెక్కలో లేవు. ఇన్నాళ్లూ ఈ కలంకారీకి పెట్టుబడి పెట్టిన భాగస్వామి ఆమె జీతమే. ఎప్పుడూ వాటా అడగలేదు కాబట్టి, అదొకటి ఉందని కూడా ఎవరికీ గుర్తులేదు.

డైరీ వచ్చింది. చీరకు సుమారు అరవై గంటలు. అందులో కలం పని ముప్పై నాలుగు, మిగతా ఇరవై ఆరూ చాకిరీ. పాలూ గ్యాసూ ఇంకా కలపకుండానే 6,500ని అరవైతో భాగిస్తే గంటకు 108 రూపాయలు. ఉద్యోగంలో, నెలకు ఇరవై ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటల లెక్కన, గంటకు 149. పైన పీఎఫ్, గ్రాట్యుటీ. నెలకు ఐదు చీరలంటే మూడు వందల గంటలు, ఆదివారం కూడా వదలకుండా రోజుకు పది గంటలు. కాగితం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే వద్దంటారా సార్?" అంది. వద్దని నేననలేదు. చీరలతో మాత్రం వద్దన్నాను, ఆ ధరకైతే అసలే వద్దన్నాను.

ఆర్డర్ల పుస్తకం ఇంకో సంగతి బయటపెట్టింది. పేర్ల పక్కన ఎవరి తరఫున వచ్చారో రాయించాను. మూడింట రెండు వంతులు ఆఫీసు వాళ్లు, వాళ్ల వదినలు, అక్కలు. ఉద్యోగం మానేస్తే జీతంతోపాటు కొనేవాళ్లు కూడా తగ్గుతారన్నమాట. ఎవరి కేసులోనైనా నేను ముందు అడిగే ప్రశ్న ఇదే: మీ ఆఫీసుతో ఏ సంబంధమూ లేని మనిషి, మొహమాటం లేకుండా, పూర్తి ధర ఇచ్చి ఎంత కొన్నాడు? ఆ ఒక్క అంకె చాలు. మెచ్చుకోళ్లు నాకు అక్కర్లేదు.

మార్కెట్టు గురించి కూడా మాట్లాడుకున్నాం. శ్రీకాళహస్తిలో ఇది సరదా కాదు, ఇంటిల్లిపాదీ చేసే వృత్తి. అంతరించిపోతున్న ఈ పనిని 1950ల్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం పెట్టి నిలబెట్టారు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారిది ఆ ఊరే. అక్కడ ఒకరు గీస్తే ఒకరు రంగు పెడతారు, ఇంకొకరు ఉతుకుతారు. ఒంటి చేత్తో అన్నీ చేసే మనిషి ధరలో వాళ్లతో పోటీ పడలేదు. ఇటువైపు చూస్తే బజారులో కలంకారీ అని అమ్మే వాటిలో చాలావరకు మిషన్ ప్రింటు. మచిలీపట్నం అచ్చు పనిది వేరే సంప్రదాయం, దాని సంగతి వేరు. ప్రింటు చీర వెయ్యికి దొరుకుతుంటే చేతి చీరకు అన్ని వేలు ఎందుకివ్వాలో కొనేవాళ్లకు చూపించాలి: గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం, ఒకే నెమలి రెండోసారి అచ్చం అలాగే రాకపోవడం.

లేబుల్ మీద "శ్రీకాళహస్తి కలంకారీ" అని వేయించుకుంటానంది. ఆగమన్నాను. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, ఉంది. వ్యాపారంలో వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అది తేలేదాకా "చేతితో వేసిన కలంకారీ, సహజ రంగులు" అని వేసుకోమన్నాను. నిజమూ అదే.

ఇక తేదీ. నేను చెప్పింది విని ఆమెకు కోపమొచ్చిన చోటు ఇది. అప్పటికి పీఎఫ్‌లో ఆమె సర్వీసు తొమ్మిదేళ్ల చిల్లర. ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ల సర్వీసుంటేనే నెలవారీ పింఛనుకు అర్హత, లేకపోతే ఉన్నది తీసుకొని వెళ్లిపోవడమో, మళ్లీ ఉద్యోగంలో చేరితే కలుపుకోవడానికి స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడమో. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు గానీ, జీతం లేని సెలవు రోజులు తీసేస్తారు, ఆమె మధ్యలో అలాంటి సెలవు చాలానే పెట్టింది. అంచున నిలబడకుండా పదేళ్లు పూర్తిగా దాటాక, జనవరి ఆఖర్లో మానేయమన్నాను. "పింఛనెంత వస్తుంది సార్?" అంది. పింఛను లెక్కకు జీతం 15,000కే పరిమితం, దాన్ని పదేళ్లతో హెచ్చించి డెబ్భైతో భాగిస్తే నెలకు 2,143. యాభై ఎనిమిదేళ్లు వచ్చాక.

"ఆ రెండు వేలకోసరమా సార్ నన్ను ఇన్ని నెలలు ఆగమంటా ఉండారు?"

అడగాల్సిన ప్రశ్నే. రెండు వేల కోసమే కాదు. మేము మాట్లాడుకుంటున్నది ఏప్రిల్‌లో, మంచి ఎండల్లో. ఎండల్లో కలంకారీ వేసే ఎవరికైనా ధైర్యం ఉంటుంది. మన జిల్లాకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్లు ఏరులై పారిన సంగతి ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. ఎండా, నీళ్లూ లేకపోతే లేని పని ఇది. ఆ మూడు నెలలు జీతం వస్తుండగానే ఆమె చూడాలి. ఆ మాట నేరుగా చెబితే "చూసుకుంటాలే సార్" అనేది. పింఛను రూలు చెబితే ఆగింది. అకౌంట్స్ మనుషులు రూలుకు లొంగుతారు.

నవంబరు అనుకున్నట్టే వచ్చింది. పాలలో ముంచిన గుడ్డ ఆరక వాసన పట్టింది. తేమకు గీతలు పాకాయి. ఎండ చాలక గుడ్డలో బొమ్మ లేని భాగం తెల్లగా తేలలేదు. పెళ్లి కోసం అడ్వాన్సు ఇచ్చినవాళ్లు తేదీ దాటిందని వెనక్కి అడిగారు, ఇచ్చేసింది. జీతం ఉంది కాబట్టి ఇవ్వగలిగింది. డిసెంబరులో నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం మనిషి డీలా పడిలేదు, చేతిలో కొత్త కాగితం ఉంది. ఏప్రిల్, మే నెలల్లోనే ఏడాదికి సరిపడా గుడ్డ పాలకీ కరక్కాయకీ పెట్టి ఎండబెట్టి దాచుకోవడం, సెప్టెంబరు ఆఖరుకు దసరా ఆర్డర్లు ముగించడం, అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా ఎవరికీ డెలివరీ తేదీ ఇవ్వకపోవడం, ఆ నెలల్లో ఇంట్లో ఎండు గుడ్డ మీద గీత పని, క్లాసులు. ఆ కాగితం నేను రాసిస్తే ఇంత బాగా ఉండేది కాదు.

వస్తువులు కూడా మార్చుకుంది. రెండడుగుల గోడ పటానికి ఏడు గంటలు, ధర 2,200, సామాను 350. గంటకు 264. రవికె గుడ్డ ఐదు గంటలు, 1,500కు పోతుంది, సామాను 300. గంటకు 240. ఆదివారం మూడు గంటల క్లాసు, ఆరుగురు, తలా 700, సామాను 900. ముందు రెండు గంటల తయారీ కలిపినా గంటకు 660. చీర ధర 14,000 చేసి, ఏడాదికి పది పన్నెండుకు మించి ఒప్పుకోవద్దనుకున్నాం. అప్పుడు గంటకు 191 చిల్లర. ఈ నాలుగు అంకెలు ఆమె గోడకు అంటించుకుంది. క్లాసుల్లోనే డబ్బని తెలిసినా వారానికి రెండు పెట్టడానికి మాత్రం ఒప్పుకోలేదు. "చెప్పడానికి కాదు కదా సార్ మానేస్తా ఉండేది, వెయ్యడానికి" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒత్తిడీ చేయలేదు.

ఉద్యోగంలో ఉండగానే చేయించినవి గబగబా చెబుతాను. ఆఫీసు గ్రూపు ఇన్సూరెన్సు ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి ముందే కుటుంబానికి సొంత పాలసీ తీయించాను. భర్తకు షుగరు ఉంది, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టవచ్చు, ఆ గడియారం ఎంత ముందు మొదలైతే అంత మంచిది. ఇంటి ఖర్చు ఆరు నెలలది విడిగా ఎఫ్‌డీ వేయించాను. గ్రాట్యుటీ, 18,000 బేసిక్ మీద పదేళ్లకు, పదిహేనుతో హెచ్చించి ఇరవై ఆరుతో భాగిస్తే, లక్షా మూడు వేల చిల్లర. దాన్ని పెట్టుబడిగా వాడుకోనిచ్చాను, పీఎఫ్ ముట్టుకోనివ్వలేదు. లోనంటూ ఏదైనా కావాలంటే జీతం స్లిప్పు ఉండగానే అడగాలి. మానేశాక బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు చూపమంటాయి. ఆమె ఏ లోనూ తీసుకోలేదు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్రా రుణాల్లో శిశు కింద యాభై వేలు తీసుకోమని ఎవరో చెప్పారట. అవసరం లేని అప్పు చిన్నదైనా అప్పే.

చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితం. దానికి మధ్యవర్తులకు డబ్బులిచ్చేవాళ్లను ఇంకా చూస్తున్నాను. చేతివృత్తుల వారికి కేంద్రం ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టించాను, ఎగ్జిబిషన్ స్టాళ్లకు పనికొస్తుంది. పీఎం విశ్వకర్మ కింద రుణమొస్తుందని ఆమె ఆశపడింది గానీ, ఆ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో కలంకారీ లేదు. జీఎస్టీ మన రాష్ట్రంలో సరుకులకు ఏడాదికి 40 లక్షల దాకా అక్కర్లేదు, క్లాసుల్లాంటి సేవలూ ఉంటే పరిమితి 20 లక్షలని అనుకొని నడవమంటాను. బెంగళూరు, చెన్నైలకు పంపేటప్పుడు జాగ్రత్త. రాష్ట్రం దాటితే మామూలుగా మొదటి రూపాయి నుంచే నమోదు అడుగుతారు. జాబితాలో ఉన్న చేతివృత్తి వస్తువులకు షరతులతో సడలింపు ఉంది, పాన్ ఉండాలి, సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే ఈ-వే బిల్లు తీయాలి. చెన్నై మనకు పక్కూరు లాంటిదే కావడంతో ఇది చాలామందికి తట్టదు.

ఫిబ్రవరి నుంచి మొదటి పన్నెండు నెలల ఫలితం ఇది. మొత్తం అమ్మకాలు 4,90,000. అందులో చీరలు పదకొండు, 1,54,000. పటాలు, దుపట్టాలు, రవికెలు 2,26,000. క్లాసులు 1,10,000. పాలు, గ్యాసు, పెట్రోలు, ఉతుకు కూలి, కొరియరు, స్టాళ్ల అద్దె, పాడైన గుడ్డ, అన్నీ కలిపి ఖర్చు 2,30,000. మిగిలింది 2,60,000, అంటే నెలకు 21,600 చిల్లర. నవంబరులో చేతి నుంచి పడింది. జీతంతో పోలిస్తే తక్కువే, పీఎఫ్ వాటా లేదు కాబట్టి ఇంకా తక్కువ. ఊహాజనిత లాభం పద్ధతిలో, డిజిటల్ రాబడిపై ఆరు శాతం, నగదుపై ఎనిమిది శాతం చూపించి రిటర్ను వేయవచ్చు, కానీ అసలు లాభం అంతకంటే చాలా ఎక్కువ కాబట్టి అసలుదే చూపించాం. పన్నెండు లక్షల లోపు ఆదాయానికి కొత్త పద్ధతిలో పన్ను ఎలాగూ పడదు. రేపు లోనుకు వెళ్తే ఆ కాగితమే ఆమెకు జీతం స్లిప్పు.

గండం గట్టెక్కించింది ఇంకొకటుంది. రెండు బట్టల కొట్ల పద్దులు రాసి, జీఎస్టీ రిటర్నులకు సిద్ధం చేసే పని నేనే ఇప్పించాను. నెలలో మూడు నాలుగు రోజులు, 6,000. మొదట మొహం చిన్నబుచ్చుకుంది. "మళ్లీ లెక్కలేనా సార్?" మళ్లీ లెక్కలే. పదేళ్ల అనుభవాన్ని ఒక్క రాజీనామా లెటరుతో చెత్తబుట్టలో ఎందుకు వేయాలి? ఇష్టమైన పనిలోకి దూకితే పాతదంతా తెంచుకోవాలని ఎవరు చెప్పారో నాకు తెలియదు. నవంబరులో ఇంటద్దె కట్టింది ఆ ఆరు వేలతో కలిపే.

ఇంకో చిన్న పద్దు ఉంది, అది పెట్టమన్నది ఆమే. ఏడాదికి ఒక గుడ్డ అమ్మకుండా తన కోసం వేసుకుంటుంది, ఎవరడిగినా ధర చెప్పదు. అరవై గంటలు, గంటకు 191, అంటే 11,460. దాన్ని రాబడిలో కాకుండా సొంత వాడకంలో రాశాం. ఒకే నెమలిని ఆరు రవికెల మీద వేశాక ఈ గుడ్డ దగ్గర కూర్చుంటేనే చేయి మళ్లీ తనదవుతుందట. ఆడిటర్‌గా నాకు అభ్యంతరం లేదు, ఏడాదికి ఒకటే అయినంత కాలం.

ఇప్పుడు నా బల్ల మీదున్న ప్రశ్న మనిషిని పెట్టుకోవడం. క్లాసుకు వచ్చే ఒక అమ్మాయి రంగు పెట్టడం బాగా నేర్చుకుంది, నెలకు 8,000 ఇస్తే రోజూ వస్తానంటోంది. వస్తే క్లయింటుకు నెలకు నలభై గంటల దాకా చాకిరీ తప్పుతుంది, ఆ గంటల్లో పటాలు వేస్తే పదివేల పైన వస్తుంది, అమ్ముడుపోతే. అమ్ముడుపోకపోతే గోడకు నిలబెట్టిన పటాలు మిగులుతాయి. తన గీతలో ఇంకొకరి రంగు అంటే ఆమెకే ఇంకా మనసు ఒప్పడం లేదు. మొదలుపెడితే మార్చిలో మొదలుపెట్టమన్నాను, ఆగస్టు దాకా చూసి లెక్క తేల్చుకోవాలి. అక్టోబరులో పెట్టుకుంటే వాన తగ్గేదాకా ఆ అమ్మాయిని ఊరికే కూర్చోబెట్టి జీతం ఇవ్వాల్సొస్తుంది.